యాప్ వచ్చింది కానీ రిజిస్టర్ పోలేదు: పీహెచ్‌సీ నర్సుల రోజు ఎట్లా గడుస్తోంది?

స్వర్ణముఖి_సిస్టర్ · సోమవారం రాత్రి 9:42

తిరుపతి జిల్లాలో ఒక పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) స్టాఫ్ నర్సుని. 11 ఏళ్ల సర్వీసు. నెల రోజులుగా మనసులో తిరుగుతున్న మాట అడుగుతున్నాను.

మొన్న ఓపీకి ఒక అవ్వ వచ్చింది. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. పేరు అడిగాను, ఆధార్ అడిగాను, అభా అనే ఆరోగ్య గుర్తింపు నంబర్‌కి ఓటీపీ కోసం ట్యాబ్ ముందు కూర్చున్నాను. ఓటీపీ బెంగళూరులో కారు నడుపుకునే కొడుకు ఫోన్‌కి పోయింది. అవ్వ సంచిలో నంబర్ రాసిన చీటీ తీసి ఇచ్చింది. ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. మళ్లీ ఓటీపీ పంపాను. వెనక ముప్పై మంది లైన్లో ఉన్నారు. అవ్వ అంతసేపూ నన్నే చూస్తా ఉంది. చివరికి, "ఏం పాపా, వచ్చినప్పట్నుంచి ఆ పెట్టెనే చూస్తా ఉండావు. నా మొగం ఒకసారి చూడు మే" అనింది. కోపంగా కాదు, బతిమాలినట్టు అనింది.

తలెత్తి చూస్తే కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఇంటాయన పోయి నెల అయిందంట. ఇరవై రోజులుగా మాత్రలే వేసుకోలేదంట. ఆ ముక్క అడగమని ట్యాబ్‌లో ఏ కాలమూ లేదు. అవ్వ నోరు తెరవకపోతే నేను అడిగి ఉండేదాన్ని కాదు.

ఆ రాత్రి అన్నం సయించలేదు. నేను నర్సింగ్‌లో చేరింది ఇందుకా అనిపించింది.

ఈ యాప్‌లు, ట్యాబ్‌లు, వాటంతట అవే తయారయ్యే రిపోర్టులు వచ్చాక మీకు పని తగ్గిందా, పెరిగిందా? నిద్ర, ఒంటి ఆరోగ్యం, ఇంట్లో పరిస్థితి ఎట్లా ఉన్నాయి? తేలికైన వాళ్లు ఉంటే వాళ్లు కూడా రాయండి. వినాలని ఉంది.

కొండకింద_ఏఎన్ఎం · 9:58

ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తని, ఏఎన్ఎంని. నాకైతే తగ్గలేదక్కా. గర్భిణి ఒక్కతే, ఆమె బరువు ఒక్కటే, రాసేది మూడు చోట్ల. ముందు నోటుబుక్కులో, ఎందుకంటే ఎండలో స్క్రీన్ కనపడదు. తర్వాత రిజిస్టర్లో, ఎందుకంటే తనిఖీకి వచ్చిన వాళ్లు రిజిస్టరే తెమ్మంటారు. ఆ తర్వాత యాప్‌లో, ఎందుకంటే మీటింగ్‌లో యాప్ లెక్కే చూస్తారు. పైగా మూడింట్లో ఒక్క అంకె తేడా వచ్చినా సంజాయిషీ నేనే చెప్పాలి.

మాత్రల_గది · 10:05

ఫార్మసిస్టుని. నా వైపు మాట చెప్తాను. మందుల లెక్కకి పెట్టిన ఈ-ఔషధి వచ్చాక స్టాకు లెక్క నాకు నిజంగా తేలికైంది. ఏ మందు ఎంత ఉంది, ఏది ఎప్పుడు ఎక్స్‌పైరీ అవుతుంది అనేది ముందే తెలుస్తుంది. వెనకటికి నెలాఖరులో అల్మారా మొత్తం కింద పరిచి లెక్కపెట్టేవాళ్లం. ఆ బాధ పోయింది. కాబట్టి అన్నీ ఒకే గాటన కట్టొద్దు సిస్టర్.

కొండకింద_ఏఎన్ఎం · 10:09

మీ ముందు కూర్చునేది డబ్బాలన్నా. వాటికి ఓటీపీ అక్కర్లేదు.

మాత్రల_గది · 10:11

ఆ మాట నిజమే తల్లీ.

టీకా_బుధవారం · 10:20

నేను కోల్డ్ చైన్ చూస్తాను. నాది కూడా మంచి అనుభవమే. టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కదా. ఇంతకుముందు రాత్రి కరెంటు పోతే ఇంట్లో పడుకుని కూడా ఫ్రిజ్ గురించే ఆలోచన. రెండుసార్లు రాత్రి పన్నెండింటికి మా ఆయన బండి మీద పోయి థర్మామీటర్ చూసొచ్చాను. ఇప్పుడు ఈవిన్ సెన్సర్ ఉంది, అదే ఎప్పటికప్పుడు ఉష్ణోగ్రత పంపుతుంది, హద్దు దాటితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. మెసేజ్ రాలేదంటే బాగుందని అర్థం. నిద్ర పడుతోంది. నర్సు ఆరోగ్యం గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా, నా బీపీ తగ్గడానికి అదీ ఒక కారణం అనుకుంటాను.

అయితే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చార్టులో చేత్తో రాయడం ఇంకా ఉంది.

రిటైరైన_పెద్దక్క · మంగళవారం ఉదయం 5:50

హెల్త్ విజిటర్‌గా చేసి రిటైరయ్యాను. మీ మాటలన్నీ చదివాను. పాత రోజులు బంగారం అని మాత్రం అనుకోవద్దు. నెలాఖరు వచ్చిందంటే సబ్‌సెంటర్ల నుంచి కాగితాలు తెప్పించి కూడికలు వేసేవాళ్లం. ఒక కూడిక తప్పితే మొత్తం మళ్లీ వేయాలి. నా పెద్దకూతురు పదో తరగతి పరీక్షలప్పుడు కూడా ఆ కాగితాల మధ్యే కూర్చున్నాను.

ఏఎన్ఎంల చేతికి ట్యాబ్ ఇచ్చి అన్మోల్ యాప్ మొదలుపెట్టింది 2016లో, అదీ దేశంలో ముందు మన రాష్ట్రంలోనే. అప్పుడు మాకు చెప్పిన మాట ఒక్కటే, "ఇక రిజిస్టర్లు ఉండవు" అని. ఆ రోజు ట్యాబ్ చేతిలో పట్టుకుని ఎంత సంతోషపడ్డామో చెప్పలేను. ఇన్నేళ్లకు కూడా మీరు రిజిస్టర్ మోస్తున్నారంటే నాకు బాధగా ఉంది.

బంగారుపాళ్యం_బస్సు · 7:15

మా ఆవిడ ఏఎన్ఎం. నేను బడిపంతులుని. ఇంట్లో పరిస్థితి అడిగారు కదా, చెప్తాను. ఆమె ఊళ్లో తిరిగి సాయంత్రం ఆరున్నరకి వస్తుంది. పగలు సర్వర్ పని చేయదు, రాత్రి తొమ్మిది దాటాక చేస్తుంది. అన్నం తిన్నాక ఫోన్ చార్జర్ దగ్గర కింద కూర్చుని ఎంట్రీలు మొదలుపెడుతుంది. నేను చదువుతాను, ఆమె కొడుతుంది. "లక్ష్మమ్మ, 52, బరువు 61..." ఇట్లా పదిన్నర దాకా. పరాయి వాళ్ల ఆరోగ్య వివరాలు నేను చదవకూడదని నాకు తెలుసు. ఇంకో దారి లేక చదువుతున్నాను. మా చిన్నది ఏడేళ్లది, మొన్న అమ్మానాన్న ఆటలో ఫోన్ పట్టుకుని "ఉండు, సింక్ అవుతోంది" అనింది.

రేణిగుంట_రోడ్డు · 7:31

పంతులుగారూ, "సింక్ అవుతోంది" మా ఇంట్లో కూడా ఉంది. మా అబ్బాయి అన్నం ఆలస్యమైతే అదే అంటాడు.

కుప్పం_చెల్లెలు · 8:40

నేను ఎంఎల్‌హెచ్‌పీని, అంటే ఊరి ఆరోగ్య కేంద్రం చూసుకునేదాన్ని, 27 ఏళ్లు. ఇక్కడ అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నట్టుంది, అందుకే రాస్తున్నా. నాకు ఈ పద్ధతి నచ్చింది. మాది అడవి పక్క ఊరు. సాయంత్రం అయిదు దాటితే ఏనుగులు దిగుతాయి, జనం బయటికి రారు. వీడియోలో డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని రాకముందు డాక్టరు మాట వినాలంటే పొద్దున బస్సుకి పోయి కూలీ పోగొట్టుకోవాలి. ఇప్పుడు నా దగ్గరే కూర్చోబెట్టి డాక్టరుతో వీడియోలో మాట్లాడిస్తాను. వాళ్లు నన్ను చూసే చూపే మారింది. ఆ గౌరవం నాకు చాలా పెద్దది.

ఇంకోటి. మొన్న గర్భిణుల పరీక్ష రోజు గుంపులో ఒకామె రక్తం (హిమోగ్లోబిన్) 6.8 అని నోటుబుక్కులో రాసి పక్కనున్న ఆమెకి మాత్రలు ఇస్తున్నాను. యాప్‌లో కొట్టగానే ఎర్రగా వచ్చింది. 7 కంటే తక్కువంటే తీవ్ర రక్తహీనత, మాత్రలతో సరిపెట్టకూడదని నాకు తెలుసు. తెలిసీ హడావుడిలో దాటిపోయేదాన్ని. ఆ ఎరుపు చూసి అప్పుడే పంపించాను. యాప్ లేకపోతే ఆమెకి ఏమయ్యేదో.

పెద్ద సిస్టర్లకి టైపింగ్ అలవాటు లేక కష్టంగా ఉందేమో అని నా అనుమానం. కోపగించుకోవద్దు.

రేణిగుంట_రోడ్డు · 9:02

కోపం లేదమ్మా. నీ కేసు విన్నాక సంతోషమేసింది. నాదీ ఒకటి విను.

ఎనిమిదో నెల గర్భిణి. బీపీ 136/88. యాప్‌లో పచ్చగా వచ్చింది, ఎందుకంటే 140/90 దాటితేనే దానికి లెక్క. కానీ ఆ పిల్లని నాకు మూడో నెల నుంచి తెలుసు. ఎప్పుడూ 100/60 ఉండేది. ఆ రోజు ముఖం కాస్త బొద్దుగా ఉంది, గాజులు బిగుసుకున్నాయి. తలనొప్పి ఉందా అంటే రెండ్రోజులుగా ఉందనింది. పచ్చగా ఉన్నా సరే, పెద్దాసుపత్రికి పొమ్మని రాసిచ్చాను. అక్కడికి పోయేసరికి 150/100, మూత్రంలో ప్రొటీన్. "పచ్చగా ఉన్న కేసుని ఎందుకు రిఫర్ చేశావు" అని ఆ వారం నన్ను అడిగారు. అంత సరిగ్గా చేసిన పనికి సంజాయిషీ రాయాల్సి వచ్చింది. మూడు రోజులు మనసు మనసులో లేదు.

టైపింగ్ నాకు బాగానే వచ్చు తల్లీ. నన్ను నమ్మకపోవడమే కష్టంగా ఉంది.

కుప్పం_చెల్లెలు · 9:10

అక్కా, నేను అనుమానం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. గాజులు బిగుసుకున్నాయని చూడటం నాకు ఎవరూ చెప్పలేదు. ఇకమీదట చూస్తాను.

స్వర్ణముఖి_సిస్టర్ · 1:25

అన్నం టైంలో చదువుతున్నాను. చెల్లీ, నువ్వు రాసింది కూడా కావాలి, దాచుకోకు. నీది చిన్న ఊరు కాబట్టి వచ్చిన మనిషికి అరగంట ఇవ్వగలవు. సబ్‌సెంటర్‌కి మైదానంలో 5,000, కొండ ప్రాంతంలో 3,000 జనాభా అని లెక్క కదా. పీహెచ్‌సీకి 30,000. మా ఓపీలో ఒక పూటకి 70 మంది వస్తారు. యాప్ అదే, లైను వేరు.

బెంగళూరు_తిరుపతోడు · 2:10

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, మాది తిరుపతి. మా అమ్మ కూడా నర్సే. మూడు చోట్ల ఎందుకు రాయాల్సి వస్తోందో నాకు తెలిసింది చెప్తాను.

క్షయకి నిక్షయ్, తల్లీబిడ్డలకి ఆర్‌సీహెచ్, షుగరు బీపీలకి ఎన్‌సీడీ పోర్టల్, టీకాలకి యూవిన్. ఇవన్నీ వేర్వేరు కాలాల్లో, వేర్వేరు కార్యక్రమాల కోసం కట్టినవి. ఒక్కోదానికి ఒక్కో డేటాబేస్. మీ ముందున్న మనిషి ఒక్కరే అయినా నాలుగింట్లో నాలుగు మనుషులు. ఆమెను ఒక్కతిగా కలపడానికే 14 అంకెల అభా నంబర్ తెచ్చారు, 2021 సెప్టెంబర్ 27న దేశమంతా మొదలైంది. ఆలోచన మంచిదే. కలిపే పని పూర్తయ్యేదాకా ఆ బరువు మీ వేళ్ల మీద పడింది.

ఒక విషయం మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి. అభా తీసుకోవడం రోగి ఇష్టం. అది లేదని వైద్యం ఆపే నిబంధన లేదు. ఓటీపీ రాకపోతే అవ్వని పక్కన నిలబెట్టాల్సిన పని లేదు.

కొండకింద_ఏఎన్ఎం · 2:18

నిబంధన లేదు తమ్ముడూ, టార్గెట్ ఉంది. సాయంత్రం ఆరింటికి గ్రూపులో మండలాల వారీగా లిస్టు వస్తుంది. కింద ఉన్న మూడు పేర్లు ఎర్ర రంగులో ఉంటాయి. ఆరు కాకముందే నాకు కడుపులో తిప్పుతుంది. ఆదివారం కూడా ఆ టైంకి ఫోన్ చూస్తాను, అలవాటైపోయింది.

పలమనేరు_టు_ఇంగ్లండ్ · 6:45

మాది పలమనేరు, ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఒక జీపీ (జనరల్ డాక్టరు) క్లినిక్‌లో నర్సుని. ఇక్కడ రిజిస్టర్లు లేవు, అంతా కంప్యూటరే, సర్వర్ కూడా బాగుంటుంది. మరి నర్సులు హాయిగా ఉన్నారా అంటే లేరు. కారణం మీది కాదు, వేరే. అందుకే రాస్తున్నాను, రేపు మీకూ ఇదే రావచ్చు.

ఇక్కడ షుగరు, ఆస్తమా ఉన్న వాళ్లకి ఏడాదికోసారి పరీక్షకి మెసేజ్ దానంతటదే పోతుంది, చాలా చోట్ల పుట్టిన నెలలో. బీపీ ఇంట్లోనే చూసుకుని మెసేజ్‌లో పంపుతారు. రిపోర్టు నార్మల్ అయితే రోగి ఫోన్లో తనే చూసుకుంటాడు. 2025 అక్టోబర్ 1 నుంచి క్లినిక్‌లు పొద్దున 8 నుంచి సాయంత్రం 6:30 దాకా ఆన్‌లైన్‌లో వినతులు తీసుకోవాలని పెట్టారు. ఫోన్ల గోల తగ్గింది, అది నిజమైన మేలు.

కానీ ఒకటి జరిగింది. తేలికైన కేసులన్నీ మిషన్ పట్టుకుపోయింది. నా గదికి వచ్చేవాళ్లందరూ కష్టమైనవాళ్లే. కాలి పుండు మానని వాళ్లు, మందులు మానేసిన వాళ్లు, భార్య పోయి మాట్లాడే దిక్కు లేనివాళ్లు. ముందైతే మధ్యలో ఒక బీపీ, ఒక కట్టు, "పిల్లలు బాగున్నారా" అనే మాట ఉండేవి. ఆ అయిదు నిమిషాల్లో మనసు ఆరేది. ఇప్పుడు తడి మీద తడి. సాయంత్రానికి గిన్నె కడగడానికి కూడా చేయి లేవదు. మేనేజరు స్క్రీన్ మీద మాత్రం నేను చూసిన రోగుల సంఖ్య తగ్గినట్టే కనిపిస్తుంది.

రిటైరైన_పెద్దక్క · 7:20

"తడి మీద తడి" అన్న మాట గుండెకి తగిలింది తల్లీ. మా కాలంలో ఊళ్లో ఒకింట్లో బాధ చూస్తే పక్కింట్లో మజ్జిగ ఇచ్చేవాళ్లు. ఆ మజ్జిగ తాగే టైం ఎవరి లెక్కల్లోనూ ఉండదు.

చెరువుగట్టు_మీద · రాత్రి 11:37

ఈ పేరుతో ఇంతకుముందు రాయలేదు. ఇది రాయడానికే తీసుకున్నాను.

సర్వేలో 30 ఏళ్లు దాటిన వాళ్లందరికీ బీపీ, షుగరు చూసి ఎక్కించాలి. ఒకరోజు సాయంత్రం ఇంకా ఆరుగురు మిగిలారు. ఆ రోజు నాకు జ్వరం. మామిడి సీజను, వాళ్లంతా తోటల్లో ఉన్నారు, ఇంటి దగ్గర ఎవరూ లేరు. వాళ్లకి 120/80 అని కొట్టేశాను. లిస్టులో నా పేరు పచ్చగా వచ్చింది. గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టారు.

నిద్ర పట్టలేదు. తర్వాతి వారం సెలవు పెట్టి ఆ ఆరు ఇళ్లకి సొంతంగా పోయాను. అయిదుగురికి బాగానే ఉంది. ఆరో ఆయన 46 ఏళ్ల మనిషి, కాయలు కోసే కూలీ. 180/110. నా చేయి వణికింది. "ఏం మేడం, పోయిన వారం బాగుందని ఫోన్‌కి మెసేజ్ వచ్చిందే" అన్నాడు.

ఆయన్ని అప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను, మందులు వాడుతున్నాడు. బాగున్నాడు. నేను బాగా లేను. పాత ఎంట్రీ మార్చడానికి వీల్లేదు. ఆ పచ్చ రంగు అక్కడే ఉంది.

రేణిగుంట_రోడ్డు · 11:52

తప్పే చేశావు. అది ఒకసారి గట్టిగా చెప్పాలి. ఆ మనిషికి ఆ వారంలో పక్షవాతం వచ్చి ఉంటే? జ్వరం ఉంటే సెలవు పెట్టాలి, లేకుంటే ఎర్ర రంగులో ఉండాలి. అబద్ధం మాత్రం ఎక్కించకూడదు.

కొండకింద_ఏఎన్ఎం · 11:58

అక్కా, ఆ అమ్మాయి ఇప్పటికే తనని తాను తిట్టుకుంటోంది. ఆరిళ్లు తిరిగింది కదా. నాకైతే ఆ ధైర్యం ఉండేదో లేదో తెలియదు.

రేణిగుంట_రోడ్డు · బుధవారం 12:06

ఉంది కాబట్టే చెప్తున్నా. పట్టించుకోని మనిషైతే నేను ఒక్క ముక్క కూడా రాయను. చెల్లీ, రేపు మీ డాక్టరుతో జరిగింది జరిగినట్టు చెప్పు. పాత ఎంట్రీ మార్చలేకపోయినా కొత్త తేదీతో ఫాలోఅప్ రీడింగ్ ఎక్కించొచ్చు, చికిత్స దాన్ని బట్టే నడుస్తుంది. ఒంటరిగా మోయకు. కావాలంటే నాకు ఇక్కడే ప్రైవేటు మెసేజ్ పెట్టు, ఎంత రాత్రయినా మాట్లాడతాను.

రిటైరైన_పెద్దక్క · 5:40

కాగితం రోజుల్లో కూడా ఇంట్లో కూర్చుని రాసిన అంకెలు ఉండేవి. నేను చూశాను, సంతకం కూడా పెట్టాను. కాబట్టి ఇది ట్యాబ్‌తో పుట్టిన రోగం కాదు. కాకపోతే అప్పుడు అబద్ధం బీరువాలో పడి ఉండేది. ఇప్పుడు అది మెసేజ్ అయ్యి నేరుగా రోగి చేతికి పోతోంది. అందుకే భయం ఎక్కువ.

పాఠాల_సిస్టర్ · 10:15

తిరుపతిలో నర్సింగ్ విద్యార్థులకి పాఠాలు చెప్తాను. మీరు రాసినవాటిలో నాకు కనిపించింది చెప్తాను.

వృత్తిలో అలసి కాలిపోవడాన్ని కొలిచే ప్రశ్నావళిని క్రిస్టినా మాస్లాక్, సుసాన్ జాక్సన్ 1981లో తయారుచేశారు. అందులో మూడు ముక్కలుంటాయి. ఒకటి, మనసు ఖాళీ అయిపోవడం. పలమనేరు చెల్లెలు "చేయి లేవదు" అన్నది అదే. రెండు, మనిషిని మనిషిగా చూడలేకపోవడం. అవ్వ మొగం కనిపించకపోవడం దీనికి మొదటి మెట్టు. మూడు, నేను చేసే పనికి విలువ లేదనిపించడం. "నేను చేరింది ఇందుకా" అన్న ప్రశ్న అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీన్ని తన వర్గీకరణలో చేర్చి, ఇది రోగం కాదు, పని చోటు వల్ల వచ్చేదని రాసింది. అంటే "నువ్వు గట్టిగా ఉండాలి" అని నర్సుకి చెప్పడంతో తీరేది కాదు. పని చోటు మారాలి.

ఇంకొకటి, రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పింది. పని ఎక్కువ ఉండటం ఒక్కటే మనిషిని పాడుచేయదు. పని ఎక్కువై, దాని మీద తన చేతిలో ఏ నిర్ణయమూ లేనప్పుడు పాడవుతుంది. కుప్పం చెల్లెలు సంతోషంగా ఉంది చూడండి, వీడియో ఎప్పుడు కలపాలో, ఎవరికి ఎంతసేపు ఇవ్వాలో ఆమె చేతిలో ఉంది. రేణిగుంట సిస్టర్‌కి కూడా అదే యాప్‌లు. రిఫర్ చేసిన నిర్ణయం మాత్రం ఆమెది కాదన్నారు. ఒక్క యాప్‌లో మేలూ కీడూ రెండూ ఎందుకు కనిపిస్తున్నాయి అన్నదానికి ఇదే జవాబని నేను నమ్ముతున్నాను.

చెరువుగట్టు చెల్లెలికి: నువ్వు పడుతున్న బాధకి ఒక పేరుంది, నైతిక క్షోభ అంటాం. సరైనది తెలిసీ చేయలేని చోట పుట్టే బాధ. సిగ్గుపడాల్సింది కాదు. కానీ నిద్ర ఇంకా పట్టకపోతే డాక్టరుకి చూపించుకో. టెలిమానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

చెరువుగట్టు_మీద · 1:05

డాక్టరు గారికి చెప్పేశాను. తిట్టారు. తర్వాత కొత్త రీడింగ్ ఆయనే దగ్గరుండి ఎక్కించారు. పెద్దక్కకి, సిస్టర్‌కి చాలా కృతజ్ఞతలు. రాత్రి పడుకోగలనేమో అనిపిస్తోంది.

నీలం_చీర · 1:30

మా దగ్గర ట్యాబ్‌లో మాట్లాడితే టైప్ అయ్యే సదుపాయం పెట్టారు. మాది తమిళనాడు పక్క ఊరు, జనం తెలుగు తమిళం కలిపి మాట్లాడతారు. "వయిత్తునొప్పి" (కడుపునొప్పి) అని ఒకాయన అంటే అది ఏదో ఊరి పేరు కొట్టింది. చెరిపి మళ్లీ కొట్టడానికే రెట్టింపు టైం. దాన్ని తయారుచేసేవాళ్లు ఒక్కరోజు మా ఓపీలో కూర్చుంటే బాగుండు.

బెంగళూరు_తిరుపతోడు · 1:48

నీలం చీర సిస్టర్ చెప్పింది అసలు మాట. తయారుచేసేవాడికి మీ లైను కనిపించదు. మీ అందరికీ ఒక చిన్న విన్నపం. "యాప్ బాగా లేదు" అంటే ఎవరూ వినరు. ఒక్క వారం చిన్న కాగితం పెట్టుకోండి. ఏ కాలమ్ రెండోసారి అడిగారు, ఓటీపీకి ఎన్ని నిమిషాలు పోయాయి, ఇంటికి పోయాక ఎంతసేపు ఎంట్రీ చేశారు. రోగుల పేర్లు రాయొద్దు. ఆ కాగితాన్ని నేను శుభ్రంగా పట్టికలాగా చేసిస్తాను.

కొండకింద_ఏఎన్ఎం · 1:55

నాలుగో రిజిస్టరా తమ్ముడూ!

బెంగళూరు_తిరుపతోడు · 1:57

ఒక్క వారమే అక్కా, ఒట్టు. ఆ తర్వాత మీరే చించేయండి.

పీహెచ్‌సీ_డాక్టరు_చిత్తూరు · 4:20

మెడికల్ ఆఫీసర్‌ని. చదివి ఊరుకోలేకపోయాను. ఇందులో కొంత తప్పు మా స్థాయిలోనే ఉంది, ఒప్పుకోవాలి.

పోయిన ఏడాది మా సిస్టర్ ఒకామె ఓపీ మధ్యలో ఏడ్చింది. ఆ సాయంత్రం రిజిస్టర్లన్నీ బల్ల మీద పెట్టించాను. ఒక్కొక్కటీ తెరిచి "ఇది ఎవరు అడుగుతున్నారు" అని అడిగాం. రెండు రిజిస్టర్లు పైనుంచి ఎవరూ అడగడం లేదు. ఒకటి నాకంటే ముందున్న డాక్టరు పెట్టింది, ఇంకొకటి నేనే ఏదో మీటింగ్ కోసం పెట్టించి మర్చిపోయాను. ఆ రెండూ ఆ రోజే ఆపేశాం. పైవాళ్ల అనుమతి అక్కర్లేకుండానే.

రెండో పని, ట్యాబ్‌ని నర్సు బల్ల మీద నుంచి తీసేశాం. గుమ్మం దగ్గర ఇంకో బల్ల వేసి ఆధార్, ఓటీపీ అక్కడ చూస్తున్నాం. ఎంట్రీ బల్ల మీద ఒకరు, రోగి దగ్గర ఒకరు, గంటకోసారి మారతారు. రోగి దగ్గర కూర్చున్నామె చేతిలో చీటీ, పెన్ను మాత్రమే. ఓటీపీ రాకపోతే రోగిని ఆపం, "తర్వాత" అని రాసి లోపలికి పంపుతాం. మా అభా లెక్క కాస్త తగ్గింది. మీటింగ్‌లో జవాబు నేనే చెప్తున్నాను, సిస్టర్లు కాదు.

మూడోది చేయలేకపోయాను. సర్వర్ నా చేతిలో లేదు. రాత్రి ఎంట్రీలు కొన్ని ఇంకా నడుస్తున్నాయి. అది నాకు చిన్నతనంగానే ఉంది.

టీకా_బుధవారం · 4:41

సార్, మీ పీహెచ్‌సీలో ఖాళీ ఉందా?

బంగారుపాళ్యం_బస్సు · 4:50

డాక్టరు గారూ, "జవాబు నేనే చెప్తున్నాను" అన్నారు చూడండి, ఆ వాక్యం మా ఆవిడకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. ఫోన్ తీసుకుని తనే ఇంకోసారి చదువుకుంది.

రేణిగుంట_రోడ్డు · 5:30

సార్, ఒక అభ్యంతరం. ముగ్గురు నర్సులు మూడు షిఫ్టులు చేసే చోట ఎంట్రీకి ఒకరు, రోగికి ఒకరు ఎట్లా కుదురుతుంది? పగలు నేనొక్కదాన్నే. మీ పద్ధతి మంచిదే, మనుషులు ఉన్న చోట.

పీహెచ్‌సీ_డాక్టరు_చిత్తూరు · 5:44

సరైన ప్రశ్న. మా దగ్గర ఎంట్రీ బల్ల మీద కొన్ని రోజులు ల్యాబ్ టెక్నీషియన్, కొన్ని రోజులు నేనే కూర్చుంటున్నాను. ఒక్క నర్సు ఉన్న చోట ఇది నిలబడదు. అక్కడ మనిషిని ఇవ్వాల్సిందే, యాప్ మార్చినా సరిపోదు.

స్వర్ణముఖి_సిస్టర్ · తర్వాతి బుధవారం రాత్రి 9:15

వారం తర్వాత వస్తున్నాను. కాగితం పెట్టాను తమ్ముడూ. నా ఒక్కదాని లెక్క: ఆరు రోజుల్లో ఓటీపీల కోసం కూర్చున్నది 3 గంటల 10 నిమిషాలు. ఇంటికి తెచ్చుకున్న ఎంట్రీ పని 5 గంటలు. వయసు, ఊరు, ఫోన్ నంబర్ ఒకే మనిషికి మూడేసి సార్లు. ఫోటో నీకు పంపాను.

డాక్టరు గారు రాసింది మా మేడంకి చూపించాను. ట్యాబ్ బల్ల మార్చడానికి సోమవారం నుంచి ఒప్పుకున్నారు. రిజిస్టర్ల మాట "చూద్దాం" అన్నారు. సోమవారం, మంగళవారం నా ముందు ట్యాబ్ లేదు. మొదటి గంట చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత అలవాటైంది. ఒకాయన కాలివేళ్ల మధ్య చీము చూశాను, షుగరు మనిషి, చెప్పులు విప్పమంటేనే కనపడింది. లైను మాత్రం అంతే ఉంది, గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మాయికి విసుగు వస్తోంది. రేపు ఆమె బల్ల దగ్గరికి నేను మారతాను.

అవ్వ ఆ తర్వాత రాలేదు. ఆశ అక్కని పంపిస్తే ఇంటికి తాళం. కొడుకు వచ్చి బెంగళూరుకి తీసుకుపోయాడంట.

బెంగళూరు_తిరుపతోడు · 9:30

అక్కా, కాగితం అందింది, ఆదివారానికి పట్టిక చేసిస్తాను. అవ్వ సంగతి చూశారా, ఆ రోజు ఓటీపీ వచ్చి ఉంటే, ఆమె బీపీ, షుగరు, వాడే మందులు ఆమె ఒప్పుకుంటే ఇక్కడి డాక్టరు కూడా చూసి ఉండేవాడు. ఆ అభా నంబర్ అసలు పనికొచ్చేది ఇట్లా ఊరు మారిన వాళ్లకే.

స్వర్ణముఖి_సిస్టర్ · 9:36

తెలుసు తమ్ముడూ. అదే ఆలోచిస్తున్నాను. ఆధార్‌లో కొడుకు ఫోన్ నంబర్ మొత్తం కనపడదు, చివరి అంకెలే కనపడతాయి. ఆ చీటీ నేను రాసుకోలేదు.

కొండకింద_ఏఎన్ఎం · 9:41

పక్కింటి వాళ్ల దగ్గర కొడుకు నంబర్ ఉంటుందక్కా. ఆశ అక్కని మళ్లీ అడగమను.

స్వర్ణముఖి_సిస్టర్ · గురువారం సాయంత్రం 7:50

దొరికింది. పాలాయన దగ్గర ఉంది నంబర్. మా పాత ఓపీ రిజిస్టర్లో అవ్వ మందుల పేజీ ఫోటో తీసి కొడుక్కి పంపాను, దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించమని రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. డ్యూటీ దిగాక అమ్మతో మాట్లాడిస్తానన్నాడు. పదింటి దాకా మేలుకునే ఉంటాను.